కాళ్లల్లో చెవులు

పోయిన నెల మా మనవరాలి బడిలో ఆటల పోటీలు జరిగితే, నంద్యాలలోనే రిటైరై కూర్చున్న డిప్యూటీ తహసీల్దారు ఒకాయన ఉన్నాడనీ, ఆయన ఒకప్పుడు కాలేజీ తరఫున పరుగు పందేలు గెలిచినవాడనీ ఎవరో చెప్పగా, బడివాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, ఉన్న నాలుగు వెంట్రుకలూ శ్రద్ధగా దువ్వుకుని వెళ్లాను. పందెం మొదలుపెట్టమని ఆటల టీచరమ్మ ఒక చిన్న పిస్తోలు నా చేతిలో పెట్టబోయింది. ఉత్త చప్పుడు తప్ప ఇంకేమీ రాదని కూడా చెప్పింది పాపం. నా చెయ్యి ముందుకు రాలేదు. మీరే కాల్చండమ్మా, నేను చూస్తాను, అన్నాను. ఆమె చెయ్యి పైకెత్తి కాల్చింది. పిల్లలందరూ ముందుకు దూకారు. ముఖ్య అతిథి మాత్రం రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, ఉన్నచోటే మట్టిలో చతికిలబడ్డాడు.

నాకు కళ్లు తిరిగాయనుకున్నారు అందరూ. ఒకరు మంచినీళ్లు తెచ్చారు, ఒకరు షుగరుందా అన్నారు, ఇంకొకరు బీపీ ఉందా అన్నారు. రెండూ ఉన్నాయని చెప్పి తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే అక్కడున్నవాళ్లలో చాలామంది పుట్టకముందు సంగతి చెప్పాలి. నా ఈడువాళ్లతో అయితే చెప్పుకోవచ్చు, ఆ భయం ఎట్లాంటిదో వాళ్లకు తెలుసు గనుక.

మాది చాగలమర్రి. బస్సులు ఆగేచోట మా నాయన సైకిలు షాపు నడిపేవాడు. మహా మతిమరుపు మనిషి. బాగుచేసిన సైకిలు ఇచ్చి పంపేశాక బ్రేకు బిగించలేదని గుర్తొచ్చేది. ఆ సైకిలు వెంట పరిగెత్తి, దాని మీదున్న మనిషి కిందపడకముందే ఆపడం నా పని. పరుగు నాకు సరదా కొద్దీ రాలేదు, ఎవరికి ఏమవుతుందోనన్న భయం కొద్దీ వచ్చింది. ఆ తర్వాత పందేల్లో కూడా ఆ భయం పోలేదు, గెలిచి కప్పు పట్టుకున్నాక కూడా వెనక ఎవరైనా పడ్డారేమోనని తిరిగి చూసేవాణ్ణి. ధైర్యవంతుణ్ణని చెప్పుకునే వయసులో కూడా నేను ఆ మాట చెప్పుకోలేదు.

డెబ్బైల మొదట్లో కాలేజీ చదువు కోసం నంద్యాలలో మా అక్క ఇంట్లో చేరాను. బావకు రైల్వే గూడ్సు షెడ్డులో ఉద్యోగం. కాలేజీ మైదానం నల్లరేగడి నేల, ఎండాకాలం నెర్రెలిచ్చి కాళ్లు మింగేది, వానాకాలం చెప్పులు మింగేది. అందుకని ఒట్టి కాళ్లతోనే పరిగెత్తేవాళ్లం. మా డ్రిల్లు సారుకు పరుగంటే ప్రాణం, కాలేజీవాళ్లకు మాత్రం పిస్తోలు కొనేంత ప్రాణం లేదు. ఆయన ఊరుకునే రకమా! టపాకాయలు చేసే ఒక సాయిబును పట్టుకుని ఏడాది పొడుగునా ఉల్లిగడ్డ టపాకాయలు చేయించుకునేవాడు. పురికొస చుట్టిన చిన్న ఉండలవి, నిప్పు అక్కర్లేదు, నేలకేసి కొడితే పేలుతాయి. మా వెనక నిలబడి, ఎప్పుడు కొడతాడో తెలియకుండా, ఒక్కోసారి మేము చెమట తుడుచుకుంటున్నప్పుడు, ఒక్కోసారి చెంబెత్తి నీళ్లు తాగుతున్నప్పుడు కూడా, ధనామని కొట్టేవాడు. అది వినపడితే చాలు, ఉన్నవాళ్లం ఉన్నట్టు లేచి పరిగెత్తాలి. చెవికీ కాలికీ మధ్య బుర్ర అడ్డం రాకూడదనేది ఆయన పాఠం. ఐదేళ్లు నేర్పాడు. డిగ్రీ అయ్యేసరికి నా బుర్ర నిజంగానే అడ్డం రావడం మానేసింది, వీధిలో ఏ సైకిలు ట్యూబు పేలినా నేను పది గజాల అవతల ఉండేవాణ్ణి. మా అక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకునేది.

కప్పులు తిండి పెట్టవు కదా. పరీక్ష రాస్తే, ఆటల సర్టిఫికెట్లు కూడా కాస్త కలిసొచ్చి, ఆళ్లగడ్డ తాలూకా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అప్పటికి మండలాలు లేవు, తాలూకాలే. ఉత్తర్వు చూసి మా నాయన సంతోషించాడు గానీ మా అక్క మాత్రం ఆ ఊరి పేరు చదివి కాగితం మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. ఆ రోజుల్లో ఆ వైపు పల్లెల్లో పార్టీ కక్షలు, నాటు బాంబులు ఎట్లా ఉండేవో నేను వివరించనక్కర్లేదు. ఫలానా ఊరి దారిన పోవద్దనీ, ఫలానావాళ్ల అరుగు మీద కూర్చోవద్దనీ, ఎవరు ఏమడిగినా తెలియదని చెప్పమనీ బావ బస్సు కదిలేదాకా చెబుతూనే ఉన్నాడు. పరిగెత్తవద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు.

రాతి విగ్రహాలు చెక్కే శిల్పుల వీధిలో గది తీసుకున్నాను. తెల్లారింది మొదలు ఉలుల చప్పుడు, టకటక టకటక, మొదట్లో తలనొప్పి వచ్చేది, తర్వాత అది లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుండేది. చేరిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం దూరాన ఎక్కడో పెద్ద చప్పుడు అయింది. ఆ వెంటనే వీధిలోని ఉలులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. బాంబు చప్పుడు కంటే ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ ముచ్చెమటలు పోశాయి. అప్పటికే నేను లేచి తలుపు దాకా పరిగెత్తి, గడియ పెట్టి ఉన్న సంగతి మరిచి, దానికి నుదురు గుద్దుకుని ఉన్నాను. గదిలోపల కాబట్టి ఎవరూ చూడలేదు.

ఎనభైల మొదట్లో, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సెలవులో ఉన్న ఒక వేసవిలో, పంటల అజమాయిషీకి, అంటే ఏ పొలంలో ఏ పంట ఉందో చూసి రాసుకురావడానికి, నల్లమల వైపున్న ఒక పల్లెకు నన్ను పంపారు. ఆ ఊరి పేరు చెప్పను. ఆ ఊరి తలారి, అంటే సర్కారు తరఫున ఊళ్లో కాపలా, కబురు, అన్నీ చూసే మనిషి, రోడ్డు దాకా ఎదురొచ్చాడు. యాభై దాటినవాడు, ఎండిపోయిన మనిషి, నడుముకు తోలు పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ల. ఊరు రోడ్డుకు రెండు మైళ్ల లోపల. సగం దారిలో నా చెప్పు తెగితే, నేను వద్దంటున్నా వినకుండా తన చెప్పులు విప్పి నా ముందు పెట్టాడు. నావి చంకలో పెట్టుకుని ఆ ఎండలో తను ఒట్టి కాళ్లతో నడిచాడు. నా భుజాన ఒక ఖాకీ గుడ్డ సంచి, అందులో పంటల లెక్క రాసే అడంగలు పుస్తకం, కొలత టేపు, మా గది యజమానురాలు కట్టిచ్చిన రెండు జొన్నరొట్టెలు, ఒక ఎర్రగడ్డ, అంటే ఉల్లిగడ్డ.

ఊళ్లోకి వచ్చి ఒక సందు తిరిగామో లేదో, ఎక్కడో దగ్గర్లోనే ధనామంది.

ఇక నా సంగతి చెప్పేదేముంది. తల వంచుకుని, మొదటి ఇరవై అడుగులు నేల తప్ప ఇంకేమీ చూడకుండా, డ్రిల్లు సారు నేర్పింది నేర్పినట్టు దూకాను. వెనక నుంచి తలారి గొంతు చిరిగిపోయేటట్టు అరిచింది స్పష్టంగా వినపడింది.

"పరిగెత్తగాకు సామీ! కూచో! ఆడ్నే కూచో!"

చెవి విన్నది, బుర్రకు అందింది, కాళ్లకు అందలేదు. సందు, చావిడి, కళ్లం, జొన్న చేలు, అన్నీ వెనక్కి పోయాయి. పక్క చూపులో తలుపులు టపటపా మూసుకోవడం కనిపించింది. అవి బాంబుకు భయపడి మూస్తున్నారనుకున్నాను. నన్ను చూసి మూస్తున్నారని తెలియలేదు. రెండు మైళ్లూ పరిగెత్తి రోడ్డెక్కి, మైలురాయి పట్టుకుని నిలబడ్డాక గానీ నాకు ఊపిరి అందలేదు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ పరిగెత్తలేదేమో.

కాసేపటికి ఊరి వైపు నుంచి గడ్డిమోపుతో ఒకావిడ గబగబా వచ్చింది. ఏం జరిగిందమ్మా అని అడిగాను.

"బాంబు ఏసినోడు సంచీ తీసుకోని పారిపాయనంట. వాన్ని ఊళ్లేకి తోలకొచ్చినాడని తలారోన్ని పట్టుకోని కొడ్తాండారు," అని, అప్పుడు నా భుజాన ఉన్న సంచి చూసి, మోపు అక్కడే పడేసి రెండడుగులు వెనక్కి వేసింది. "నువ్వేనా ఏందీ?"

నేను చేసిన పనేమిటో అప్పుడు తెలిసింది నాకు. ఆ ప్రాంతంలో నాటు బాంబులు మోసేది గుడ్డ సంచుల్లోనే. చప్పుడు కాగానే ఉన్నచోటే కూర్చుని చేతులు నెత్తిన పెట్టుకోవడం అక్కడ పసిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. కూర్చున్నవాడికి ఏమీ సంబంధం లేదని అర్థం. లేచి పరిగెత్తాడంటే బాంబు వేసినవాడైనా కావాలి, వేసినవాణ్ణి చూసినవాడైనా కావాలి. ఇద్దరికీ ఒకటే శిక్ష. తలారి కూర్చున్నాడు. అతని పక్కన నడిచిన నేను సంచీతో పరిగెత్తాను.

అంతలోనే ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగింది. దాచడం ఎందుకు, నేను ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టాను. ఆఫీసుకు పోయి చెప్పి, పోలీసులను తీసుకొస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. వాళ్లు వచ్చేసరికి సాయంత్రమవుతుందని, అప్పటిదాకా ఆ ఎండు మనిషి ఆగడని కూడా తెలుసు. కండక్టరు ఎక్కుతావా లేదా అని విసుక్కున్నాడు. కిందికి చూశాను. ఫుట్‌బోర్డు మీదున్న కాలికి చెప్పు లేదు, ఎక్కడో జారిపోయింది. నేల మీదున్న కాలికి ఉంది, అది తలారిది. కాలు దించాను. బస్సు వెళ్లిపోయింది. వెళ్లిపోయిన వెంటనే దాని వెంట పరిగెత్తాలనిపించింది, అది కూడా చెప్పుకోవాలి.

ఆ తర్వాత నడిచిన రెండు మైళ్లు నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైనవి. పరిగెత్తకూడదు, తొందరగా కూడా నడవకూడదు. సంచి మూతి బార్లా తెరిచి, రెండు చేతులతో ముందుకు పట్టుకుని, పెళ్లిలో పళ్లెం పట్టుకున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ పోయాను. ఆంజనేయ దండకం మొదలుపెడితే రెండో మాట గుర్తు రాలేదు. జొన్న చేను గట్టున పడి ఉన్న రెండో చెప్పు దొరికితే వేసుకున్నాను. ఆ చెప్పు దొరకడంతో ఏదో ధైర్యం వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ రాలేదు. ప్రతి చెట్టు చాటునా ఒకడు ఉన్నట్టే అనిపించింది, ఊరి దగ్గర నిజంగానే నలుగురు ఉన్నారు. నా చుట్టూ చేరి, ఎత్తైన రాతి గోడలున్న ఒక ఇంటి పెరట్లోకి నడిపించారు. వెనక పెద్ద గేటు మూసుకుంది.

పెరటి మధ్య ఎండలో తలారి కూర్చుని ఉన్నాడు, చేతులు ఇంకా నెత్తి మీదే. చొక్కా చినిగి, కింది పెదవి వాచి, నడుముకు పట్టీ మాత్రం ఉంది, బిళ్ల లేదు. నన్ను చూసి ఆయన ముఖంలో సంతోషం ఏమీ కనపడలేదు, ఈ పిచ్చివాడు మళ్లీ ఎందుకొచ్చాడన్నట్టు చూశాడు. ఆ ఇంటి పెద్దాయన మంచం మీద కూర్చుని సంచి బోర్లించమన్నాడు. బోర్లించాను. పుస్తకం పడింది, టేపు పడింది, రొట్టెలు పడ్డాయి, వాటి వెంట ఆ ఎర్రగడ్డ గుండ్రంగా దొర్లుకుంటూ పోయింది. అంతమంది మీసాల మొనగాళ్లు ఒక్కసారిగా వెనక్కి గెంతారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు ఎవరూ నవ్వలేదు. భయపడినందుకు వాళ్లకు వచ్చిన కోపం కూడా నా మీదికే మళ్లింది.

నేను సర్కారు గుమాస్తానని, కాలేజీలో పరుగు పందేల మనిషినని, చప్పుడు వింటే పరిగెత్తడం నేర్పారని, అంతకు మించి ఏ పాపమూ ఎరుగనని, ఏడుపు గొంతుతో చెప్పాను. చెబుతుంటే ఆ కథ నాకే నమ్మబుద్ధి కాలేదు. పెద్దాయన అంతా విని, పక్కనున్నవాడి చెవిలో ఏదో చెప్పి పంపి, నాకు నీళ్లివ్వమన్నాడు. చెంబు ఎత్తి రెండు గుటకలు మింగాను. వెనక పశువుల కొట్టం దగ్గర తుపాకి పేలింది.

చెంబు ఎటు పోయిందో తెలియదు. పెరడంతా దాటి, మూసి ఉన్న గేటును రెండు చేతులతో, ముక్కుతో ఢీకొన్నాక ఆగాను. రక్తం కారుతుండగా వెనక్కి తిరిగి చూస్తే అందరూ నిలబడి నన్నే చూస్తున్నారు. తలారి మాత్రం అప్పటికే చేతులు దించి ఉన్నవాడు మళ్లీ నెత్తిన పెట్టుకుని, తల మోకాళ్లలో దూర్చి కూర్చున్నాడు. పెద్దాయన మీసం కదిలింది.

"వదిలేయండప్పా. వీనికి చెవులు కాళ్లల్లో ఉండాయి."

అంతే. అంత తేలిగ్గా వదిలేశారు, అంత తేలిగ్గానే చంపేవాళ్లు. బిళ్ల తిరిగి ఇచ్చారు. ఊళ్లో మొదట విన్న ఆ చప్పుడు ఎవరో బాంబు వేస్తే వచ్చింది కాదనీ, వాళ్ల గడ్డివామిలో వాళ్లే దాచుకున్నది ఎండకు పేలిందనీ తలారి తర్వాత చెప్పాడు. తిరిగి రోడ్డుకు వచ్చే దారిలో నేను ఆయన చెప్పులు విప్పి ఇస్తే వేసుకుని ముందు నడిచాడు. నేను ఆయన చినిగిన చొక్కానే చూస్తూ వెనక నడిచాను. రోడ్డు దగ్గర పడ్డాక ఆయనే అన్నాడు:

"ఈడ బతకాలంటే కూచునేది నేర్సుకో సామీ. నేను నేర్పిస్తా."

నేర్పాడు. ఆ ఏడాది అజమాయిషీకి, వసూళ్లకు, దేనికి ఆ వైపు వెళ్లినా, మాట్లాడుకుంటూ నడుస్తూ ఉండగా హఠాత్తుగా తన కర్రతో నాపరాయి మీద ఫెడీమని కొట్టేవాడు. నేను దూకేవాణ్ణి. కూచో, అని అరిచేవాడు. వెనక్కి పిలిచి మళ్లీ నడిపించేవాడు. ఇద్దరు గురువులూ నన్ను ఒకేలా హడలగొట్టారు, ఒకరు లేపడానికి, ఒకరు కూర్చోబెట్టడానికి. డ్రిల్లు సారు ఐదేళ్లలో నేర్పింది తలారి ఆరు నెలల్లో చెరిపేశాడు. ఒక రోజు కర్ర చప్పుడుకు నేను దారి మధ్యలో, పేడ మీద, చేతులు నెత్తిన పెట్టుకుని కూర్చున్నాను. తలారి చాలాసేపు నవ్వాడు, ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను, కానీ లేచి దులుపుకుంటుంటే ఏడుపొచ్చింది. తర్వాతి సర్వీసులో, ఎన్నికల డ్యూటీల్లో, ఆ కూర్చోవడమే నన్ను రెండుసార్లు కాపాడింది. దాని విలువ తెలియక కాదు ఏడ్చింది.

ఆ చలికాలంలో ఉద్యోగుల ఆటల పోటీలకు నా పేరు పంపమని డ్రిల్లు సారు ఉత్తరం రాశాడు. నేను జవాబివ్వకపోతే నంద్యాల నుంచి బస్సెక్కి తనే వచ్చాడు. మోకాలు నొప్పి సారూ, పరిగెత్తలేను, అన్నాను. ఆయన నా గది గడపలో కూర్చుని, నా కాలు తన ఒళ్లోకి లాక్కుని, బొటనవేళ్లతో మోకాలంతా నొక్కి నొక్కి చూశాడు. నేను నొప్పి నటించడం కూడా మరిచిపోయాను. మోకాలు బాగానే ఉందిరా, అని మాత్రం అని, టీ తాగి, వచ్చిన బస్సుకే వెళ్లిపోయాడు. నిజం చెప్పి ఉండవచ్చు. లేవమని నేర్పిన మనిషితో, నేను ఇప్పుడు కూర్చుంటున్నానని ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

ఆటల పోటీల నాడు ఇంటికొచ్చాక మా మనవరాలు అడిగింది, "తాతా, నేను లేచింది చూసినావా? అందరికన్నా ముందు లేచినా!" చూశానన్నాను. ఆ పిల్ల లేచేటప్పుడు నేను మట్టిని చూస్తున్నాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం పరుగు నేర్పమని ప్రాణం తీస్తోంది. రెండు చెక్కలు సంపాదించి ఇంటి ముందు చప్పుడు చేస్తాను, వీధి చివరిదాకా పరిగెత్తి వస్తుంది. దారిలో ఒక్క తలుపూ మూసుకోదు, ఏమైందని ఒక్కరూ అడగరు, పాలవాడు బండి కాస్త పక్కకు తీస్తాడు, అంతే. మొన్న ఆళ్లగడ్డకు పెళ్లికి వెళితే అక్కడ కూడా తెల్లారి రోడ్డు మీద కుర్రాళ్లు, ఆడపిల్లలు హాయిగా పరిగెత్తుతున్నారు, నేనే ఒకటికి రెండుసార్లు వాళ్ల వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాను. ఇది చూడటానికి తలారి లేడు, డ్రిల్లు సారూ లేడు. చెవికీ కాలికీ మధ్య బుర్ర అడ్డం రాకూడదమ్మా అని నేనే చెబుతున్నాను. రెండో గురువు పాఠం మాత్రం చెప్పను. చెక్కలు కొట్టే ముందు కుర్చీ తెప్పించుకుని అందులో కూర్చుంటాను. ముసలాడు కదా, నిలబడలేడనుకుంటుంది పిల్ల.